పైలట్ శిక్షణ: ఫీజు లెక్క, ఎదురుచూపుల లెక్క

(గుంటూరులో ఇంటర్ విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు ఏర్పాటైన సదస్సులో ఒక విశ్రాంత విమాన కెప్టెన్ చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఇందాక మెట్లెక్కి వస్తుంటే ఒక పెద్దాయన నన్ను ఆపి, "కెప్టెన్ గారూ, మావాడు పైలట్ అవుతానంటున్నాడు, మొత్తం మీద ఎంతవుతుందండీ?" అని అడిగారు. ఆయన ఈ హాలులోనే ఎక్కడో కూర్చుని ఉంటారు. నేను ఆయనకు జవాబు చెప్పకుండా లోపలికి వచ్చేశాను, అందుకు మన్నించాలి. చెప్పలేక కాదు. ఒక్క అంకె చెప్పి ఊరుకుంటే అబద్ధం చెప్పినట్లవుతుందని భయపడ్డాను.

ఎందుకంటే లైసెన్సు చేతికి వచ్చేదాకా అయ్యే ఖర్చు ఒకటి. లైసెన్సు వచ్చిన రోజు నుంచి మొదటి జీతం వచ్చే రోజు దాకా అయ్యే ఖర్చు ఇంకొకటి. మొదటిది ఏ ఫ్లయింగ్ స్కూలు కరపత్రంలోనైనా ఉంటుంది. రెండోది ఏ కరపత్రంలోనూ ఉండదు. నా అనుభవంలో కుటుంబాలు చితికిపోయింది మొదటి ఖర్చు వల్ల కాదు, రెండో ఖర్చు వల్ల. కాబట్టి ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ రెండో ఖర్చు చుట్టూనే తిరుగుతుంది. శిక్షణకు నాలుగైదు దారులున్నాయి. ఆ ఎదురుచూపుల భారాన్ని ఎవరు మోస్తారన్నదే ఒక దారికీ మరో దారికీ ఉన్న అసలు తేడా.

దారుల సంగతికి ముందు ఒక్క మాట. దయచేసి ఎవరూ వైద్య పరీక్ష చేయించకుండా ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. మొదట క్లాస్ టూ అనే పరీక్ష, ఆ తరువాత క్లాస్ వన్ అనే పరీక్ష ఉంటాయి. క్లాస్ టూ పరీక్షను పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర చేయించుకోవచ్చు, దానికయ్యేది వేలల్లోనే. రంగులు గుర్తించడంలో లోపం ఉన్నట్టు చాలామంది పిల్లలకు అప్పటిదాకా తెలియదు, ఎందుకంటే నిత్యజీవితంలో దానివల్ల వచ్చే ఇబ్బంది పెద్దగా ఉండదు. లక్షలు కట్టాక ఆ సంగతి తెలిస్తే ఎవరిని అడుగుతాం? ఇంకో విషయం, ఈ పరీక్ష ఒక్కసారితో పోయేది కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పైలటు క్రమం తప్పకుండా క్లాస్ వన్ పరీక్షకు నిలబడవలసిందే. అందుకే, పిల్లలూ, వీలైతే దూరవిద్యలోనైనా ఒక డిగ్రీ చేతిలో పెట్టుకోండి అని నేను చెబుతుంటాను. ఇది మీకు నచ్చదని తెలుసు.

సరే, మొదటి దారికి వద్దాం. మన దేశంలోనే ఒక ఫ్లయింగ్ స్కూలులో చేరి కమర్షియల్ పైలట్ లైసెన్సు, అంటే సీపీఎల్, తీసుకోవడం. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, లైసెన్సు నాటికి 18 ఏళ్ళు నిండాలి. నావిగేషను, వాతావరణ శాస్త్రం, గగనయాన నిబంధనలు, విమానం సాంకేతిక విషయాలు, ఇలా డీజీసీఏ పెట్టే పేపర్లన్నిటిలో నూటికి 70 రావాలి. వీటికి తోడు రేడియోలో మాట్లాడడానికి వేరే పరీక్ష ఉంది. 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు విమానం బాధ్యత పూర్తిగా మీదై ఉండాలి, 300 నాటికల్ మైళ్ళ దూర ప్రయాణం ఒకటి ఉండాలి, రాత్రివేళ ఎగరడం ఉండాలి. ఈ చదువుకు 45 లక్షల నుంచి 60 లక్షల దాకా అవుతుందని అనుకోండి. రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది, అక్కడ ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకోవాలి. మహారాష్ట్రలోని గోందియాలో ఒకటి ఉంది. హైదరాబాదులో బేగంపేట అకాడమీ మన వాళ్ళందరికీ తెలిసినదే, పూర్వం ఆంధ్రప్రదేశ్ పేరుతో ఉండేది, ఇప్పుడు తెలంగాణ పేరుతో ఉంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. అనుకున్న డబ్బులో తేలని పనులని వాళ్ళ ఉద్దేశం. ఆ జాబితాలో మూడోదిగా పైలట్ చదువును కలపవచ్చు. స్కూలు వారు గంటకు ఇంత అని చెబుతారు, మీరు దాన్ని 200 పెట్టి గుణిస్తారు. కానీ అందరూ సరిగ్గా 200 గంటల్లోనే ముగించలేరు, కొందరికి మరో పదో పాతికో గంటలు పడతాయి. హాస్టలు, భోజనం, గ్రౌండ్ క్లాసులు, పరీక్ష ఫీజులు, రెండింజన్ల విమానం మీద ఎగిరే గంటలు, ఇవి ఆ లెక్కలో ఉన్నాయా లేవా అని కాగితం మీద రాయించుకోవాలి. రెండింజన్ల విమానం గంటకు ఒంటి ఇంజను విమానం కంటే చాలా ఎక్కువ తీసుకుంటారు. జీఎస్టీ సంగతి కూడా అడగండి. డీజీసీఏ ఆమోదం ఉన్న స్కూళ్ళలో ఆమోదం పొందిన ఫ్లయింగ్ కోర్సులకు జీఎస్టీ లేదని 2024 సెప్టెంబరులో జీఎస్టీ మండలి స్పష్టం చేసింది.

అయితే ఫీజు కన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. స్కూలు చూడడానికి వెళ్ళినప్పుడు మీ దగ్గర విమానాలెన్ని ఉన్నాయండీ అని అడుగుతారు కదా? ఆ ప్రశ్న వద్దు. ఇవాళ ఉదయం ఎన్ని విమానాలు ఎగిరాయండీ అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఒకటే అయిన స్కూలు దొరికితే అదృష్టం.

ఊరికే లెక్క కోసం అనుకుందాం. ఒక స్కూలులో 60 మంది విద్యార్థులున్నారు. రికార్డుల్లో ఆరు విమానాలున్నాయి, రెండు షెడ్డులో విడిభాగాల కోసం ఎదురు చూస్తున్నాయి, నాలుగు ఎగురుతున్నాయి. ఒక్కోటి రోజుకు అయిదు గంటలు ఎగిరితే మొత్తం 20 గంటలు. 60 మందికి 200 గంటల చొప్పున కావలసింది 12,000 గంటలు. అంటే 600 రోజులు. ఏడాదికి 365 రోజులు కదా అంటారా? వర్షాకాలం ఉంది, ఉత్తరాదిన శీతకాలపు పొగమంచు ఉంది, పెద్ద విమానాశ్రయమైతే ప్రయాణికుల విమానాలకే ముందు దారి వదలాలి, ఇన్‌స్ట్రక్టరు సెలవు పెడతారు. ఇవన్నీ తీసేస్తే ఏడాదికి 220 రోజులు ఎగిరితే గొప్ప. 600ను 220 చేత భాగించండి. రెండేళ్ళ తొమ్మిది నెలలు తేలుతుంది. కరపత్రంలో మాత్రం పద్నాలుగు నెలలనో పదిహేను నెలలనో ఉంటుంది. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ భాగహారం చేయలేదు, అంతే.

నాకు బాగా తెలిసిన ఒక కుటుంబంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆ స్కూలు పేరు, ఊరు చెప్పను. అబ్బాయి పదిహేను నెలల కోర్సు అని చేరాడు, ఫీజు మొత్తం ముందే కట్టేస్తే కొంత తగ్గిస్తామంటే తండ్రి ఎకరం పొలం అమ్మి కట్టేశారు. పిల్లవాడు మూడేళ్ళు అక్కడే ఉన్నాడు. వారానికి ఒక గంట ఎగరడం, మళ్ళీ పది రోజులు కూర్చోవడం. అలా విడతలు విడతలుగా ఎగిరితే నేర్చుకున్నది చేతికి నిలవదు, నేర్చిన పాఠమే మళ్ళీ నేర్చుకోవాలి, దానికి మళ్ళీ గంటలు, మళ్ళీ డబ్బు. అందుకని తగ్గింపు ఎంత ఇస్తామన్నా సరే, ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి. ఎగిరిన గంటలకు తగ్గట్టు విడతలుగా కట్టే ఏర్పాటుకు ఒప్పుకోని చోట నుంచి నమస్కారం పెట్టి వచ్చేయండి. 2025 నుంచి డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్ళకు వాటి పనితీరు, భద్రత, విద్యార్థులకు అందే సహాయం వంటివి చూసి శ్రేణులు ఇస్తున్నది. వెళ్ళే ముందు ఆ శ్రేణి చూసుకోండి, వెళ్ళాక మాత్రం నిరుడు లైసెన్సు తీసుకున్న నలుగురు పిల్లలతో మాట్లాడండి. రెండోదే మేలు.

రెండో దారి విమాన సంస్థల క్యాడెట్ కార్యక్రమాలు. ఇండిగోకు ఉంది, ఎయిర్ ఇండియాకు ఉంది. ఎయిర్ ఇండియా అమరావతిలో సొంత స్కూలు పెడుతోందని పేపర్లో చూసి మన వాళ్ళు కొందరు సంతోషపడి నాకు ఫోన్ చేశారు. అది మన అమరావతి కాదండీ, మహారాష్ట్రలోని అమరావతి. ఈ దారిలో సంస్థే ముందు మిమ్మల్ని పరీక్షించి ఎంపిక చేస్తుంది, తన భాగస్వామి స్కూలుకు పంపుతుంది, టైప్ రేటింగు దాకా చదువు మొత్తం కలిపి ఒకే మూటగా ఇస్తుంది. ఖర్చు కోటి దాటుతుంది. వినగానే గుండె గుభేలుమంటుంది. కానీ ఇందాక చెప్పిన రెండో ఖర్చును ఇక్కడ తూకం వేయాలి. మొదటి దారిలో సీపీఎల్‌కు 55 లక్షలు, టైప్ రేటింగుకు మరో 15 నుంచి 20 లక్షలు, మధ్యలో రెండేళ్ళో మూడేళ్ళో ఖాళీగా కూర్చుంటే ఆ కాలానికి అప్పు మీద వడ్డీ, అన్నీ కలిపి చూస్తే కోటికి అది మరీ అంత దూరంలో లేదు.

అయితే క్యాడెట్ అంటే ఉద్యోగం ఖాయమా? ఇది జాగ్రత్తగా వినాలి. వాళ్ళిచ్చే కాగితంలో షరతులుంటాయి. శిక్షణలో ప్రతి మెట్టూ వారు చెప్పిన ప్రమాణంలో దాటాలి, ఆ నాటికి సంస్థకు అవసరం ఉండాలి. ఆ షరతులను ఒక వకీలు చేత చదివించండి. కోటి రూపాయల పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు చూడకుండా కొంటామా? సంస్థ మీ ఎదురుచూపుల భారంలో కొంత తాను మోస్తానంటుంది, ఎంత మోస్తుందన్నది ఆ కాగితంలోనే ఉంటుంది.

ఇక్కడ ఒక చీటీ వచ్చింది. టైప్ రేటింగ్ అంటే ఏమిటని. మంచి ప్రశ్న, ముందే చెప్పవలసింది. సీపీఎల్ ఉన్నవారు ఎయిర్‌బస్ ఏ320 లాంటి పెద్ద విమానం నేరుగా నడపలేరు, ఆ ఫలానా రకం విమానం మీద సిమ్యులేటరులో, తరువాత విమానంలో ప్రత్యేక శిక్షణ పొందాలి. దాన్నే టైప్ రేటింగ్ అంటారు. ఉద్యోగం ఏదీ చేతిలో లేకుండా సొంత డబ్బుతో టైప్ రేటింగు చేయించే తల్లిదండ్రులు ఉన్నారు. నా సలహా అడిగితే వద్దంటాను. మీరు ఏ320 మీద చేయిస్తారు, ఆ ఏడాది మనుషులను తీసుకునే సంస్థ దగ్గర బోయింగ్ 737లు ఉంటాయి. అప్పుడేం చేస్తారు?

మూడో దారి విదేశాలు. అమెరికా, దక్షిణాఫ్రికా, న్యూజీలాండ్. ఇక్కడి స్కూళ్ళలో లేనిది అక్కడ ఉన్నది ఒక్కటే, వాతావరణం అనుకూలించి, విమానాలు సరిపడా ఉండి, ఏడాది లోపు గంటలు పూర్తవుతాయి. కాలం కలిసి వస్తుంది. కానీ తిరిగి వచ్చాక ఆ లైసెన్సును మన లైసెన్సుగా మార్చుకోవాలి, మన పరీక్షలు రాయాలి, మన దగ్గర ఎగిరి చూపించాలి. వెళ్ళే ముందే మన డీజీసీఏ అడిగే గంటల పట్టిక జేబులో పెట్టుకు వెళ్ళండి. అక్కడి నిబంధనల ప్రకారం అంతా అయిపోయి, ఇక్కడ అడిగే ఒక్క దూర ప్రయాణం తక్కువై మళ్ళీ డబ్బు కట్టినవారు ఉన్నారు.

అమెరికా గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాలో ప్రతి ఇంటికీ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక బాబాయి ఉంటాడు. అక్కడే నేర్చుకుని అక్కడే ఉద్యోగం చేసుకోవచ్చు కదా అని అడుగుతారు. 2009లో బఫెలో దగ్గర ఒక విమానం కూలింది, ఆ తరువాత వచ్చిన చట్టం ప్రకారం 2013 నుంచి అక్కడి ప్రయాణికుల విమాన సంస్థల్లో కో పైలటుగా చేరడానికే సాధారణంగా 1,500 గంటలు కావాలి. మన దగ్గర 200 గంటలతో ఫస్ట్ ఆఫీసరుగా, అంటే కో పైలటుగా, చేరవచ్చు, అక్కడ చేరలేరు. మిగిలిన 1,300 గంటలు అక్కడి పిల్లలు ఇన్‌స్ట్రక్టర్లుగా పనిచేసి సంపాదిస్తారు. మీకు ఆ దేశంలో పనిచేసే హక్కు ఎక్కడిది? చదువుకోవడానికి ఇచ్చిన వీసా విమాన సంస్థలో ఉద్యోగానికి పనికిరాదు. కాబట్టి బాబాయి ఇంట్లో అన్నం దొరుకుతుంది, ఉద్యోగం దొరకదు. అక్కడ పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్న మన పిల్లలకు మాత్రం ఈ లెక్క పూర్తిగా వేరు.

నాలుగో దారికి ఫీజు లేదు. వైమానిక దళం. ఇంటర్ తరువాత ఎన్‌డీఏ, డిగ్రీ తరువాత ఏఎఫ్ క్యాట్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. పైలట్ శిక్షణకు హైదరాబాదు దగ్గర మన దుండిగల్‌కే వస్తారు. కానీ చవగ్గా పైలట్ కావడానికి ఇదొక ఉపాయమనుకుని ఎవరూ వెళ్ళకూడదు. పరిమిత కాలానికి తీసుకునే షార్ట్ సర్వీసులో ఫ్లయింగ్ శాఖకు ఎంపికైతే 14 ఏళ్ళు సేవ చేయాలి, అది సైనిక జీవితం. అది కావాలనుకున్న పిల్లలే వెళ్ళాలి.

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. దేశంలో పైలట్ల కొరత ఉందని రోజూ వింటున్నాం. మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారు పౌర విమానయాన మంత్రి అయ్యాక, రానున్న పదిహేను ఇరవై ఏళ్ళలో దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలని చెప్పారు. చాలా పెద్ద సంఖ్య. దాన్ని ఏడాదికి పంచి చూడండి. 1,500 నుంచి 2,000. మరి డీజీసీఏ ఏడాదికి ఎన్ని సీపీఎల్‌లు ఇస్తున్నది? 2020లో 578, 2021లో 862, 2022లో 1,165, 2023లో 1,622. గమనించారా? లైసెన్సులు కూడా దాదాపు అంతే వస్తున్నాయి. ఇక కొరత ఎక్కడుంది?

కొరత ఉంది, కాదనను. ఎడమ సీటులో ఉంది. కమాండర్ల కొరత, అనుభవం ఉన్నవారి కొరత. 2025 డిసెంబరులో ఇండిగో వేల సంఖ్యలో విమానాలు రద్దు చేయవలసి వచ్చింది గుర్తుందా? పైలట్ల పని గంటలకు, విశ్రాంతికి కొత్త నిబంధనలు వచ్చాయి, వారానికి 36 గంటలున్న విశ్రాంతి 48 గంటలైంది, సర్దుకోలేకపోయారు. ఆ వారం నాకు ఎంతమంది తండ్రులు ఫోన్ చేశారో! ఇదే సమయమండీ, మావాణ్ణి చేర్పించేస్తాను అని. ఆ రోజు ఆ సంస్థకు కావలసింది ఆ మర్నాడే విమానం ఎక్కి కూర్చోగల మనిషి. మీవాడు 200 గంటలు పూర్తి చేసి, టైప్ రేటింగు చేసి, పర్యవేక్షణలో ఎగిరి, ఆ పర్యవేక్షణ నుంచి విడుదలై, 1,500 గంటలు దాటి కమాండరు కావడానికి ఎన్నేళ్ళు కావాలి? నేటి కొరతను చూసి చేరినవాడు ఉద్యోగానికి వచ్చేది మూడేళ్ళ తరువాతి పరిస్థితిలోకి.

విమానాల ఆర్డర్లు కూడా అంతే. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, అదే ఏడాది జూనులో ఇండిగో 500 విమానాలకు ఆర్డరు పెట్టాయి. ఆ 500 వచ్చేది 2030, 2035 మధ్య. ఆర్డరు పెట్టిన విమానానికి పైలటు అక్కరలేదు, వచ్చిన విమానానికి కావాలి.

నేను ఈ రంగంలో చూసిన ఆటుపోట్లు చెబుతాను. 2005 నుంచి కొత్త సంస్థలు వరసగా వచ్చాయి, లైసెన్సు సిరా ఆరకముందే పిల్లలను తీసుకున్నారు. అది చూసి వేలమంది చేరారు. వాళ్ళు లైసెన్సులతో బయటికి వచ్చేసరికి 2008 మాంద్యం. ఏళ్ళ తరబడి కూర్చున్నారు, కొందరు బ్యాంకు పరీక్షలు రాసుకున్నారు. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్. 2020లో కరోనా వచ్చి రెండు నెలలు దేశంలో ప్రయాణికుల విమానమే ఎగరలేదు. 2023 మే నెలలో గో ఫస్ట్. ప్రతిసారీ ఏం జరుగుతుందో తెలుసా? మూతపడిన సంస్థ నుంచి వేల గంటల అనుభవం ఉన్నవారు బజారులోకి వస్తారు. వాళ్ళూ, మీ 200 గంటల అబ్బాయీ ఒకే వరసలో నిలబడతారు. ఎవరిని ముందు పిలుస్తారు?

మరి మానేయమంటారా? మానేయమనడం లేదు. కూర్చున్నవాళ్ళలో ఓపిక పట్టినవారు చాలామంది ఈనాడు కమాండర్లు. ఓపిక పట్టడానికి ఇంట్లో వెసులుబాటు ఉండబట్టి పట్టారు. ఆ వెసులుబాటు మీకు ఎన్నాళ్ళదో ముందే లెక్క చూసుకోమంటున్నాను. ఎదురుచూపు కూడా ఊరికే రాదు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగును, అంటే బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి ఎగరగల అర్హతను, ఏటా నిలబెట్టుకోవాలి, వైద్య పరీక్ష చేయించుకోవాలి, చేయి మరచిపోకుండా అప్పుడప్పుడు ఎగరాలి, అన్నిటికీ డబ్బే.

అప్పు లెక్క ఒకటి చేసి చూపిస్తాను, పిల్లలు రాసుకోండి. 60 లక్షలు, నూటికి ఏడాదికి పది వడ్డీ, పదేళ్ళ గడువు. నెలకు సుమారు 79 వేలు కట్టాలి. చదువుకునే రెండేళ్ళూ కట్టనవసరం లేదు కదా అంటారు. ఆ రెండేళ్ళ వడ్డీ అసలులో కలుస్తుంది. మొత్తం సొమ్ము మొదట్లోనే తీసుకున్నారనుకుంటే, అది 72 లక్షలై నెలకు 95 వేలు అవుతుంది. ఏడున్నర లక్షలు దాటిన విద్యా రుణానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి తనఖా అడుగుతాయి. అంటే ఇల్లో పొలమో. ఇప్పుడు నా ప్రశ్న అమ్మలకు. అబ్బాయి లైసెన్సుతో ఇంట్లో కూర్చున్న పద్దెనిమిది నెలలు ఈ 95 వేలు ఎవరి సంపాదన నుంచి కడతారు? జవాబు ఉంటే ముందుకు వెళ్ళండి. జవాబు లేకపోతే మొదట డిగ్రీ చదివించి, ఆ మధ్యలో డీజీసీఏ పేపర్లు రాయించి, డబ్బు కూడాక ఎగరడానికి పంపండి. 22 ఏళ్ళకు మొదలుపెట్టడం ఆలస్యం కానే కాదు. ఇంకొక వెసులుబాటు ఇన్‌స్ట్రక్టరు రేటింగు, అంటే ఇతరులకు ఎగరడం నేర్పే అర్హత. జీతం తక్కువే, కానీ ఎదురుచూసే కాలంలో సొంత డబ్బు పెట్టకుండా గంటలు పెరుగుతాయి.

చివరి చీటీ ఒకటి ఉంది, ఒక అమ్మ రాశారు. మా అమ్మాయి బైపీసీ చదివింది, ఆశ వదులుకోవలసిందేనా అని. అవసరం లేదమ్మా. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా మ్యాథ్స్ విడిగా రాయవచ్చు, ఫిజిక్స్ మీ అమ్మాయికి ఎలాగూ ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, అక్టోబరు, నవంబరుల్లో ఒకసారి ఆ పరీక్షలు జరుగుతాయి. మన దేశంలో పైలట్లలో ఆడవారు సుమారు 15 శాతం, ప్రపంచంలో సగటున ఉన్నది అయిదు శాతం చుట్టుపక్కల, కాబట్టి ఆ విషయంలో బెంగ పెట్టుకోకండి. పరీక్షకు ఇంకా వ్యవధి ఉంది కనుక ఈలోగా ఆ క్లాస్ టూ పరీక్ష చేయించండి. గుర్తింపు ఉన్న డాక్టర్ల జాబితా డీజీసీఏ వెబ్‌సైటులో ఉంది, అందులో మీకు దగ్గరలో ఉన్నవారెవరో చూసుకోవచ్చు. ఇక ఇందాక మెట్ల దగ్గర అడిగిన పెద్దాయన, మీరు వెళ్ళిపోకండి. కాగితం, కలం తెచ్చుకోండి, మీ లెక్క ఇద్దరం కూర్చుని వేద్దాం.